మాస్టారికి నేర్పిన పలకరింపు

మొన్న చలికాలంలో బుధ్రి మా ఇంటికి వచ్చింది. కంట్లో శుక్లం తీయించుకోవడానికి కిరండుల్ బండెక్కి విశాఖపట్నంలో దిగి, ఆసుపత్రి వరండాలోంచి కొడుకు చేత నాకు ఫోను చేయించింది. చిన్నప్పుడు బస్తర్‌లో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. ఆపరేషనయ్యాక తనని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, కుర్చీ వద్దని చాప మీద గోడకి చేరగిలబడి కూర్చుంది. మా కోడలు వచ్చి, అన్నం వడ్డించమంటారా అత్తయ్యా అని అడిగింది. బుధ్రి మంచి కన్నుతో నా వైపోసారి చూసి, గొంతు సవరించుకుని, అచ్చం మా నాన్న గొంతుతో, మా నాన్న ఉచ్చారణలోని తప్పులన్నిటితో సహా ఒక గోండీ వాక్యం పలికింది. నేను గోడ పట్టుకుని కూలబడిపోయాను. నవ్వకూడదు, దగ్గకూడదు అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. తను కంటిగుడ్డ అదిమిపట్టుకుని, నేను పొట్ట పట్టుకుని, ఒకళ్ళనొకళ్ళం ఆపుకోమని చేతులతో సైగలు చేసుకుంటూనే నవ్వుతున్నాం. ఎవరి వల్లా కావడం లేదు. కోడలు భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో పెట్టబోతే ప్రతిసారీ ఏదో ఒక చప్పుడు జారిపోతోంది. అర్థం మాత్రం రాస్తాను. ‘నాకు ఆకలేస్తోంది, తినడానికేమన్నా పెట్టండి.’ అది కుశలప్రశ్న అనుకుని ఊరంతా తిరిగి చెప్పిన మనిషి మా నాన్న. ఆయనకది నేర్పింది మా తరగతి.

బైలదిల్లా కొండల కింద, గూడ్సు బళ్ళు ఇనుపరాయి నింపుకునే చోట మా క్వార్టరుండేది. మా మావయ్య ఆ లైను వేసిన కొత్తలో రైల్వేలో ఫిట్టరుగా వెళ్ళి, పాలకొండలో డిగ్రీ చేతపట్టుకుని ఖాళీగా తిరుగుతున్న నాన్నని అక్కడికి రప్పించాడు. స్కూలుకి లెక్కల మాస్టారు కావలసి వచ్చాడు, నాన్నకి అన్నం కావలసి వచ్చింది. అక్కడ అమ్మకి ఇద్దరే ఇద్దరు శత్రువులు, ఎర్రదుమ్మూ, మధ్యాహ్నం సైరనూ. తీగ మీద తెల్లగా ఆరేసిన బట్ట మడతపెట్టే వేళకి జేగురు రంగులోకి తిరిగేది. బిందె మీద గుడ్డ కట్టి నీళ్ళు వడకడితే గుడ్డ మధ్యలో కుంకుమబొట్టులా మట్టి మిగిలేది. సైరను మోగిందంటే కొండమీద గనిలో పేలుళ్ళన్నమాట. అమ్మ ఏం పని చేస్తున్నా, తల తిప్పకుండానే ఒక చెయ్యి చాపి గూట్లో గాజుసీసాలు పట్టుకునేది. కొండ దడదడలాడి ఊరుకున్నాక మళ్ళీ పప్పు తాలింపులో పడేది. శ్రీకాకుళం నించి గార్డు గారి పెట్టెలో ఎండుచేపలు వచ్చిన రోజున కాలనీలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ వాసనతోనే తెలిసిపోయేవి. వేసవిలో ఆ వాసన మీద ఇప్పపువ్వు వాసన వచ్చి కూర్చునేది. ఈ రెండూ కలిసిన గాలి ఇంకెక్కడా నాకు తగల్లేదు.

నాన్న సన్నగా, పొడుగ్గా, గొంతు దగ్గర బొత్తాం కూడా పెట్టుకుని ఉండేవాడు. లెక్కలు బాగా చెప్పేవాడు. హిందీయే ఆయన్ని ఏడిపించేది. పాఠం మధ్యలో ఆగి, సుద్దముక్క గాల్లో పెట్టి, ‘రేల్ ఆతా హై యా ఆతీ హై?’ అని తరగతినే అడిగేవాడు. మావాళ్ళు మొదట్లో నిజమే చెప్పారు. తర్వాత గ్యాంగుమేన్ కొడుకు ప్రకాశం అందరితో మాట్లాడి, మాస్టారు అడిగినప్పుడల్లా తప్పే చెప్పాలని కట్టు కట్టాడు. ఇక ఆ ఏడంతా నాన్న నోట్లో రైలు మగదైపోయింది, స్టేషను ఆడదైపోయింది. ఒకరోజు హెడ్మాస్టరు గారి దగ్గర ‘మేరా పత్నీ ఆయా హై’, అంటే నా భార్య వచ్చాడు, అన్నాడట. బోర్డుకి కొవ్వొత్తి రుద్దింది కూడా ప్రకాశమే. సుద్ద జారిపోతుంటే నాన్న దాన్ని విరిచి చూసి, ఊది చూసి, సుద్ద చెమ్మగిల్లిందని జాలిపడి ఎండలో ఆరబెట్టించాడు. నేను రెండో వరసలో కూర్చునేదాన్ని. పక్కన బుధ్రి. అందరికీ నవ్వొస్తే నవ్వడమే. నాకు నవ్వొస్తే ఆయన నాన్న. నవ్వు రాకపోతే వీళ్ళు స్నేహితులు. నేను పెదవి లోపలికి లాక్కుని, పలక మీద గీతలు గీస్తూ ఆ పూటకి గట్టెక్కేదాన్ని. ఇంట్లో నాన్న భోజనం చేస్తూ, పిల్లలు తన హిందీ ఎంత ఓపిగ్గా దిద్దుతున్నారో అమ్మకి చెప్పేవాడు.

చింతపండు కాలం వస్తే చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు బడి మానేసి అమ్మానాన్నలతో అడవికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఏడు నాన్న ఆదివారాలు వాళ్ళ ఇళ్ళకి స్వయంగా వెళ్దామనుకున్నాడు. వాళ్ళ భాషలో పలకరించాలని కూడా అనుకున్నాడు. తరగతిలో నిలబడి, ‘మీరంతా బాగున్నారా’ అనడానికి గోండీలో ఏమంటారని అడిగాడు. ప్రకాశం పక్కనున్న గోండు కుర్రాడు మంగ్లూని మోచేత్తో పొడిచాడు. మంగ్లూ లేచి, చేతులు కట్టుకుని, జనగణమన పాడే మొహం పెట్టి, ఆకలి వాక్యం చెప్పాడు. నాన్న దాన్ని బోర్డు మీద హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు. చెప్పాడు. మంగ్లూ దిద్దాడు. మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత, తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కూడా నేర్చుకోవాలి గదా అని, తరగతి మొత్తం చేత వల్లె వేయించాడు. మేమందరం లేచి నిలబడి ముక్తకంఠంతో, ఆకలేస్తోంది, ఏమన్నా పెట్టండి అని అరిచాం. బుధ్రి ఓణీ సగం నోట్లో కుక్కుకుంది. వెనక వరసలో ఎవరో పెన్సిలు పడిందని బెంచీ కిందకి వెళ్ళి మళ్ళీ పైకి రాలేదు. నాకు కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, వాళ్ళ భాషకి మర్యాద దక్కినందుకు పిల్లలెంత పొంగిపోయారో చూడమని నాన్న సంతోషపడ్డాడు.

ఆదివారం నన్ను కూడా తీసుకుని బుధ్రి వాళ్ళ ఊరికి బయల్దేరాడు. చెప్పేద్దామని దారిపొడుగునా నోరు తెరుస్తూనే ఉన్నాను. ఆయన వాక్యం మర్చిపోకుండా గొణుక్కుంటూ నడుస్తున్నాడు. మొదటి ఇల్లు బుధ్రిదే. వాళ్ళ అవ్వ వాకిట్లో చింతకాయలు కొడుతోంది. వంగిన నడుము, చేతి నిండా ముతక కడియాలు, మోకాలి మీదికి కట్టిన తెల్ల చీర. నాన్న ముందుకెళ్ళి చేతులు జోడించి, నవ్వు మొహంతో, ఆకలేస్తోంది ఏమన్నా పెట్టండి అన్నాడు. అవ్వ చేతిలో రాయి అలాగే ఆగింది. ఆయన గొంతు బొత్తాన్నీ, ఎముకలు తేలిన మణికట్టునీ, దుమ్ముకొట్టుకున్న చెప్పుల్నీ చూసింది. లోపలికెళ్ళి, ఆనపబుర్రలోంచి ఆకు డొప్పలోకి అంబలి వంచి తెచ్చి ఇచ్చింది. పక్కన ఎర్రచీమల పచ్చడి పెట్టింది. నాన్న రుచి చూసి, ఇది మన చోడంబలే అమ్మడూ అని ఆశ్చర్యపోయి మొత్తం తాగేశాడు. పలకరించగానే ఆతిథ్యమిచ్చే ఆచారం ఎంత గొప్పదో నాకు వివరిస్తూ పక్కింటికి నడిచాడు. అక్కడా చేతులు జోడించాడు. అక్కడా పెట్టారు. ఆ తర్వాతింట్లో కందదుంపలు, ఆ పైన జీలుగు కల్లు. కాదంటే అవమానించినట్టవుతుందని భయపడి అన్నీ తిన్నాడు, తాగాడు. తిరుగుదారిలో ఓ బండరాయి మీద కూర్చుండిపోయి కాసేపు లేవలేకపోయాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కోడికూర వండి కూర్చుంది. ఆదివారం పూట ముద్ద ముట్టకుండా పడుకున్నందుకు ఆవిడకి కోపమొచ్చింది. నేను పెరట్లోకి తీసుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. అమ్మ వింటూ వింటూ నూతి గట్టు మీద కూర్చుంది. చెంగు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోయింది. ఊపిరందాక, ‘ఊరుకోయే, చెప్పకు. తిండే పెడతన్నారు గదా, తన్నట్లేదు గదా’ అంది. నాకు ఎంత బరువు దిగిందో. ఇక ఆ గుట్టు అమ్మది.

ఆ ఏడు నాన్న అలా ఆరేడు ఊళ్ళు తిరిగాడు. సంతలో ఆయన్ని చూస్తే చాలు, ఎవరో ఒకావిడ కొంగులోంచి సారపప్పో, నిప్పుల్లో కాల్చిన దుంపో తీసి చేతిలో పెట్టేది. ఆయన బుగ్గలు నిండాయి. చింతపండు కాలం దాటకుండానే పిల్లలు బడికి తిరిగొచ్చారు. మాస్టారు మా ఇంట్లో తిన్నాడంటే మా ఇంట్లో తిన్నాడని వాళ్ళలో వాళ్ళు పోటీలు పడేవాళ్ళు. ప్రకాశానికి మాత్రం భయం మొదలైంది. అల్లరి తన చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది, దాన్నెలా ఆపాలో తెలీదు.

జెండా పండుగ రోజున అది బయటపడింది. ఊళ్ళవాళ్ళంతా వచ్చి చెట్ల కింద కూర్చున్నారు. ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చున్నారు. నాన్నని మాట్లాడమన్నారు. ఆయన మైకు ముందు నిలబడి, ఊళ్ళవాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించి, వాక్యం ఒక్క తప్పు లేకుండా పలికాడు. అది కొండదాకా వెళ్ళి తిరిగొచ్చింది.  అంత పెద్దవాళ్ళంతా కుర్చీల్లో కూర్చుని ఉండగా ఈయనకి ఎవరూ ఏమీ పెట్టలేదనుకున్నారు కాబోలు, ఆడవాళ్ళు మూటలు విప్పడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు డొప్పలు పట్టుకుని వేదిక వైపు నడిచి వచ్చేస్తున్నారు. పంచాయతీ సెక్రటరీ నవ్వాపుకోలేక లేచి వచ్చి నాన్న చెవిలో అసలు అర్థం చెప్పాడు. ఆఫీసర్లకి కూడా చెప్పాడు. కుర్చీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నవ్వాయి. నాన్న మైకు పట్టుకునే నిలబడ్డాడు. నా కోసం వెతికాడు. కనిపించాను.  తలొంచుకుని దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు తిడతాడనీ, కొడతాడనీ తరగతంతా సిద్ధపడి కూర్చుంది. ఆయన వచ్చి పుస్తకం తెరిచి లెక్క చెప్పాడు. అంతే. ఆతా హై, ఆతీ హై అడగడం మానేశాడు. తెలియని చోట మాట మింగేసి ముందుకు పోయేవాడు. మావాళ్ళు బోర్డు కడిగారు, బల్ల మీద పూలు పెట్టారు. ప్రకాశం ఇంటికి వచ్చి గుమ్మంలో ఏడ్చాడు. ‘నీ తప్పేం లేదు బాబూ, ఎల్లి సదువుకో’ అన్నాడు నాన్న. అంత మెత్తగా చెబితే ఇంకేం చేయగలడు వాడు. అమ్మ కూడా ఇంట్లో నవ్వడం మానేసింది. ఆదివారాలు నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అలా కొన్ని వారాలయ్యాక, ఓ ఆదివారం పొద్దున్నే బుధ్రి వాళ్ళ అవ్వ మా క్వార్టరు ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ కాలనీలోకి రావడం అదే మొదటిసారి. తలమీద ఆకులతో కట్టిన మూట. అమ్మ లోపలికి రమ్మంటే రాలేదు. నాన్న బయటికి వచ్చాడు. ఆవిడ మాటల్ని నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. మేం పెట్టింది పడలేదా అని అడిగింది. మావాళ్ళెవరన్నా ఏమన్నా అన్నారా అంది. ఎందుకు రావడం మానేశాడని అడిగింది. నాన్న, పిల్లలు ఆటపట్టించారని చెప్పమ్మా, నేనడిగింది బాగున్నారా అని, అని నాతో అన్నాడు. చెప్పాను. అవ్వ ఆలోచించింది.

‘పిల్లలు నేర్పితే ఏం? నువ్వు తిన్నప్పుడు ఆకలిగానే తిన్నావు, నేను చూశాను’ అంది. తర్వాత మెల్లగా ఇంకో మాట అంది. ‘కొండ కోసం ఎంతోమంది వచ్చారు. కట్టెలడిగారు, కూలికి రమ్మన్నారు, దారి ఇమ్మన్నారు. తిండి పెట్టమని అడిగింది నువ్వొక్కడివే.’

నేనది తెలుగులో చెప్పాక నాన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. అవ్వ మూట విప్పింది. ఆయన అక్కడే, కాలనీ అంతా చూస్తుండగా తిన్నాడు. మళ్ళీ ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ వాక్యాన్ని ఇప్పుడు అర్థం తెలిసి చెప్పేవాడు. మొదట్లో సిగ్గుపడుతూ అనేవాడు, పోను పోను మామూలుగా అడిగేవాడు. తరగతిలో మగ రైళ్ళు, ఆడ స్టేషన్లు తిరిగొచ్చాయి. కథ ఇక్కడితో ఆగితే ఎంత బావుండేది.

తర్వాతి వానాకాలం చాలా పెద్దది. కొండమీంచి ఎర్రమట్టి వాగులోకి, వాగులోంచి బుధ్రి వాళ్ళ పొలాల్లోకి దిగింది. నాటిన వరి మట్టి కింద పడుకుంది. వాగు నీళ్ళు పశువులు కూడా ముట్టలేదు. ఆ ఆదివారం నాన్న తింటుంటే ఊళ్ళో పెద్దవాళ్ళు నలుగురు వచ్చి చుట్టూ కూర్చున్నారు. అవ్వ అడిగింది, నేను తెలుగులో చెప్పాను. నువ్వు మా ఇంట్లో తిన్నవాడివి, ఆ గనివాళ్ళ భాష వచ్చినవాడివి, మా పొలాల సంగతి వెళ్ళి చెప్పు అంది. నాన్న డొప్ప కింద పెట్టి, చెబుతానన్నాడు. చెప్పలేనని అనడానికి ఆయనకి నోరెలా వస్తుంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని గని ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, మాస్టారూ మీరు లెక్కలు చెప్పుకోండి, క్వార్టరు బావుందా అని అడిగి పంపారు. శెలవు పెట్టి దంతెవాడ బస్సెక్కి సర్కారు ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ సాబ్ దౌరా మీద ఊళ్ళు తిరుగుతున్నాడన్నారు. ఇంకోసారి వెళ్తే, మీకేం సంబంధమని అడిగారు. అక్కడ తింటాను అని చెప్పాడట నాన్న. వాళ్ళు నవ్వారట. ఆ రాత్రి అమ్మ, మన ఉద్యోగం పోద్దండీ అని మెల్లగా అంది. నాన్న మళ్ళీ ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు.

ఊరికి వెళ్ళి ఆ మాట తన నోటితోనే చెప్పాలన్నాడు. నన్ను తీసుకెళ్ళాడు. పొలాల గట్ల మీద నడుస్తుంటే మా పాదాలు చీలమండల దాకా ఎర్రగా మునిగాయి. అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది. నాన్న నిలబడే, ‘నా వల్ల కాలేదని చెప్పు అమ్మడూ’ అన్నాడు. గోండీలో ఆటలాడుకోవడం వచ్చు నాకు, తిట్టుకోవడం వచ్చు. ఒక పెద్దమనిషి ఒక ముసలామె ముందు చేతులు వేలాడేసి చెప్పే ఆ మాటకి సరిపోయే మాట నాకు రాలేదు. ఆయన వెళ్ళాడు, వాళ్ళు వినలేదు, అని మాత్రం చెప్పాను. అవ్వ తలాడించింది. లేచి లోపలికెళ్ళి అంబలి తెచ్చింది. పల్చగా, నీళ్ళలా ఉంది. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. ఆ ఏడాది ముగిసేలోపే బుధ్రి బడి మానేసి తట్టలు మొయ్యడానికి వెళ్ళింది. నాన్న వెళ్ళి అడిగితే వాళ్ళమ్మ, మరి తినడమెలా గురూజీ అంది.  కొంతకాలానికి మేం ఆ ఊరు విడిచి వచ్చేశాం.

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్ళు బతికాడు. ఆకలేస్తోందని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు, ఏ భాషలోనూ. పెడితే తినేవాడు, పెట్టకపోతే కూర్చునేవాడు. ఈ మనిషి నోరు తెరిచి అడగడని అమ్మ విసుక్కునేది. నేనూ ఇక్కడ పంతులమ్మనై, రిటైరయ్యాను. నా తరగతి పిల్లలు నెమ్మదస్తులు. ఎవరూ నా బోర్డుకి మైనం రుద్దలేదు, తప్పు మాట నేర్పలేదు. ఒక్కరి ఇంట్లోనూ నేను తినలేదు. అది మంచిదో కాదో నాకు తెలీదు. బుధ్రి వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు బడి డాబా, రోడ్డు డాంబరు. పొలాలు మాత్రం తిరిగి రాలేదట. మనవలు దూరాల పనులకి పోతారట, బియ్యం రేషన్ దుకాణంలో తెచ్చుకుంటారట. ఇదంతా బుధ్రి చెబుతుంటే నేను ఆమె కంట్లో చుక్కల మందు వేస్తూ కూర్చున్నాను. నేను చేయగలిగింది అదే.

తను బండెక్కే ముందురోజు సాయంత్రం, నాన్న ఆ ఓటమిని చివరిదాకా మోశాడని చెప్పాను. బుధ్రి చాలా ఏళ్ళు రైల్వే కాలనీలో పని చేసింది. ఆమె తెలుగు మా అమ్మ తెలుగే.

‘అవ్వకి ముందే తెలుసు’ అంది. ‘మేస్టరు ఏటి సేస్తాడు, లెక్కలు సెప్పుకునే మనిసి. పని అవదని తెలిసే పంపినారు.’

మరెందుకు పంపారని అడిగాను.

‘మా కోసం ఒక మనిసి ఆ గుమ్మం దాకా ఎల్లాలని. అప్పటిదాక ఎవుడూ ఎల్లలేదు గదా. ఆయన ఎల్లినాడు. ఆ రాత్రి అవ్వ అందరికీ అదే సెప్పుకుంది.’

నేను మందు సీసాకి మూత బిగించాను. ఉత్త చేతులతో తిరిగొచ్చానని మాత్రమే నాన్నకి తెలుసు. వాళ్ళు ఆయన్ని కోరింది వెళ్ళమనే అనీ, అది ఆయన చేసేశాడనీ చెప్పడానికి ఇప్పుడు ఆయన లేడు.